గ్రహం మీద జీవం ఉండాలంటే ఏమేం కావాలి? ఈ నెల సైన్స్ పాఠం, ఇంట్లో అందరికీ



"భూమి మీద జీవం ఉండటానికి కారణాలు రాయండి." ఈ ప్రశ్న చిన్న తరగతుల్లో సోషల్‌లో వస్తుంది, పెద్ద తరగతుల్లో సైన్స్‌లో వస్తుంది. పిల్లల్లో చాలామంది రాసే జవాబు ఒక్కటే: గాలి ఉంది, నీరు ఉంది, ఎండ సరిపడా ఉంది. మార్కులు పడతాయి. కానీ "చంద్రుడు కూడా సూర్యుడికి దాదాపు మనంత దూరంలోనే ఉన్నాడు కదా, మరి అక్కడ ఎందుకు లేదు?" అని అడిగితే పెన్ను ఆగిపోతుంది. పాయింట్లు గుర్తున్నాయి గానీ, ఒక పాయింట్‌కీ ఇంకో పాయింట్‌కీ ఉన్న సంబంధం తెలియదు.

ఆ సంబంధాన్ని ఈ నెల మీతో కలిసి చూద్దామనుకుంటున్నాను. దీనికి మీరు సైన్స్ చదివి ఉండనక్కర్లేదు. మన పిల్లలు ఈ పాఠం ఇంగ్లిష్‌లో చదువుతారు. వీనస్, మార్స్, అట్మాస్ఫియర్ అని గడగడా చెప్తారు. అదే విషయం నానమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పగలిగితే పాఠం నిజంగా అర్థమైనట్టు. అందుకే ఇది చదివాక పిల్లలతో ఒక పావుగంట మాట్లాడండి.

1. సూర్యుడికి ఎంత దూరంలో ఉండాలి?

భోగి మంట గుర్తు చేసుకోండి. మరీ దగ్గరికి వెళితే ఒళ్ళు కాలుతుంది. మరీ దూరంగా నిలబడితే చలి వదలదు. మధ్యలో ఎక్కడో హాయిగా ఉండే చోటు ఉంటుంది. సూర్యుడి చుట్టూ కూడా అలాంటి చోటు ఉంది. దాన్ని నివాసయోగ్య మండలం అంటారు. మీ పిల్లల పుస్తకంలో అది హాబిటబుల్ జోన్.

ఇక్కడ "హాయి" అంటే మనిషికి హాయి అని కాదు. గ్రహం నేల మీద నీరు ద్రవంగా, అంటే పారే నీరుగా, ఉండగలిగే దూరం అని అర్థం. నీరు మంచుగడ్డ కాకూడదు, మొత్తం ఆవిరైపోకూడదు.

ద్రవ నీటికి ఎందుకంత ప్రాధాన్యం? కూరలో ఉప్పు వేస్తే నీళ్ళలో కరిగాకే ముక్కలోకి వెళ్తుంది. పొడి ముక్కల మీద ఉప్పు చల్లితే పైపైనే ఉండిపోతుంది. మన శరీర కణాల్లోనూ అంతే. ఆహారం, లవణాలు, వాయువులు నీటిలో కరిగి కదిలితేనే ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. నీటికి ఇంకో మంచి గుణం ఉంది. గడ్డకడితే బరువెక్కి మునిగిపోకుండా పైన తేలుతుంది. చలి దేశాల్లో చెరువు పైన గడ్డకట్టినా అడుగున నీళ్ళు మిగులుతాయి, చేపలు బతుకుతాయి.

దూరాలు తెలియాలంటే హాల్లో నేల మీద చాక్‌పీసుతో ఒక గీత గీయండి. ఒక సెంటీమీటరు అంటే ఒక కోటి కిలోమీటర్లు అనుకోండి. ఒక చివర సూర్యుడు. 6 సెంటీమీటర్ల దగ్గర బుధుడు, 11 దగ్గర శుక్రుడు, 15 దగ్గర మన భూమి, 23 దగ్గర అంగారకుడు. గురుడు ఏకంగా 78 సెంటీమీటర్ల దగ్గర ఉంటాడు. ఈ గీత మీద చుక్కలు పెట్టించి "ఎక్కడ ఉంటే బాగుంటుంది?" అని పిల్లల్ని అడగండి. వాళ్ళు భూమి చుక్కనే చూపిస్తారు. అప్పుడు రెండో ప్రశ్న వేయండి.

2. దూరం ఒక్కటే సరిపోతే చంద్రుడి మీద కూడా చెట్లు ఉండాలి

సూర్యుడి వేడి భూమికి ఎంత అందుతుందో చంద్రుడికీ దాదాపు అంతే అందుతుంది. అయినా అక్కడ మధ్యరేఖ దగ్గర పగలు సుమారు 120 డిగ్రీల సెల్సియస్, రాత్రి సున్నాకి దిగువన 130 డిగ్రీల దాకా ఉంటుంది. మన చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగి, నేలలోకి ఒక థర్మామీటరు పరికరాన్ని దింపింది. పైన సుమారు 70 డిగ్రీలు ఉంటే, 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకి దిగువన 10 డిగ్రీలు నమోదైంది. మన అరచేతి వెడల్పంత లోతులో 80 డిగ్రీల తేడా!

కారణం, చంద్రుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. గాలి ఉంటే పగటి వేడిని కొంత పంచుతుంది, రాత్రికి కొంత దాచుతుంది.

మరి చంద్రుడికి గాలి ఎందుకు లేదు? ఇక్కడే పిల్లలు సాధారణంగా వదిలేసే పాయింట్ ఉంది: గ్రహం బరువు. గాలిలోని అణువులు ఒకచోట నిలవవు, అన్ని వైపులకూ పరుగెడుతుంటాయి. వాటిని గురుత్వాకర్షణ పట్టి ఉంచాలి. భూమి నుంచి తప్పించుకుని వెళ్ళాలంటే సెకనుకు సుమారు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. చంద్రుడి నుంచి 2.4 కిలోమీటర్లు చాలు. అందుకని చంద్రుడి దగ్గర గాలి నిలవలేదు.

"చంద్రయాన్-1 నీళ్ళు కనిపెట్టింది కదా?" అని మీ పిల్లలు అడగవచ్చు. మంచి ప్రశ్న. అక్కడ నీటి అణువుల జాడ దొరికిన మాట నిజమే. ఎప్పుడూ ఎండ తగలని ధ్రువ ప్రాంతపు గుంటల్లో మంచు కూడా ఉంది. కానీ పారే నీరు లేదు. గాలి ఒత్తిడి లేనిచోట నీరు ద్రవంగా నిలవదు.

3. దుప్పటి మరీ మందమైతే: శుక్రుడు

తెల్లవారుజామున తూర్పున మెరిసే వేగుచుక్క ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు. అదే శుక్రుడు, పిల్లల పుస్తకంలో వీనస్. పరిమాణంలో భూమికి తోబుట్టువు లాంటిది. భూమి వ్యాసం సుమారు 12,742 కిలోమీటర్లయితే శుక్రుడిది 12,104. కాబట్టి వాతావరణాన్ని పట్టి ఉంచే బలం ఉంది. ఉంచింది కూడా. కానీ ఆ వాతావరణంలో 96 శాతం కార్బన్ డయాక్సైడే.

దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వంటి వాయువులు గ్రహానికి చేసే పని కూడా దాదాపు ఇదే. ఎండ లోపలికి వస్తుంది, నేల వేడెక్కుతుంది, నేల నుంచి తిరిగి వెళ్ళే వేడిని ఈ వాయువులు కొంత ఆపుతాయి. దీన్నే గ్రీన్‌హౌస్ ప్రభావం అంటారు.

శుక్రుడి దుప్పటి ఎంత మందమంటే, నేల మీద సగటున 465 డిగ్రీల వేడి ఉంటుంది. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు. గాలి ఒత్తిడి మన దగ్గరి కంటే 90 రెట్లకు పైనే. 1982లో సోవియట్ యూనియన్ పంపిన వెనెరా-13 అక్కడ దిగి 127 నిమిషాలు పనిచేసి ఆగిపోయింది.

పిల్లల్ని ఇది తప్పకుండా అడగండి: "సూర్యుడికి అన్నిటికంటే దగ్గరున్న బుధుడు కదా ఎక్కువ వేడిగా ఉండాలి? శుక్రుడు ఎందుకు ఎక్కువ?" బుధుడికి దుప్పటి లేదు. పగలు 430 డిగ్రీల దాకా ఎక్కినా రాత్రికి సున్నాకి దిగువన 180 డిగ్రీలకు పడిపోతుంది. శుక్రుడికి పగలూ రాత్రీ ఒకటే సెగ.

ఇక్కడ పిల్లలకు ఒక అపోహ కూడా తీర్చాలి. గ్రీన్‌హౌస్ ప్రభావం అసలే చెడ్డదని వాళ్ళు అనుకుంటారు. ఈ వాయువులు బొత్తిగా లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 18 డిగ్రీలు ఉండేది. అవి ఉండటం వల్లే సుమారు 15 డిగ్రీలు ఉంది. దుప్పటి అవసరమే. ఎంత మందం అన్నదే ప్రశ్న.

4. దుప్పటి పలచబడిపోతే: అంగారకుడు

అంగారకుడు, అదే కుజుడు, ఎండిపోయిన నదుల దారులు ఉన్న గ్రహం. 2012లో గేల్ అనే పెద్ద గుంటలో దిగిన క్యూరియాసిటీ రోవర్ అక్కడ ఒకప్పుడు సరస్సు ఉండేదని రాళ్ళ పొరల్లో ఆధారాలు చూపింది. 2021లో పర్సివరెన్స్ రోవర్‌ను ఒక పాత నది డెల్టా ఉన్న జెజెరో గుంటలో కావాలనే దింపారు. గోదావరి, కృష్ణా డెల్టాలు చూసిన మనకు డెల్టా అంటే విడిగా చెప్పక్కర్లేదు. నది తెచ్చిన ఒండ్రు పొరలు పొరలుగా పేరుకునే చోటు అది.

మరి ఆ నీళ్ళు ఏమయ్యాయి? అంగారకుడి బరువు భూమిలో పదో వంతే. చిన్న గ్రహం కాబట్టి లోపలి వేడి త్వరగా తగ్గింది. భూమి లోపల కరిగిన ఇనుము కదలికల వల్ల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలను అది చాలావరకు పక్కకు తిప్పుతుంది. అంగారకుడి మొత్తాన్నీ కాచే అలాంటి క్షేత్రం సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందటే ఆగిపోయింది. ఆపై సూర్యుడి కణాల తాకిడికి వాతావరణం కొద్దికొద్దిగా అంతరిక్షంలోకి పోయింది. 2014 సెప్టెంబర్‌లో అక్కడికి చేరిన నాసా మావెన్ నౌక ఈ నష్టాన్ని నేరుగా కొలిచింది. అదే నెల 24న మన మంగళయాన్ కూడా అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌక మొదటి ప్రయత్నంలోనే చేరింది.

ఇప్పుడు అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. సగటు ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 60 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది.

ఒత్తిడికీ నీటికీ ఉన్న సంబంధం వంటింట్లోనే చూపించవచ్చు. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీరు 100 డిగ్రీలు దాటి సుమారు 120 దాకా వేడెక్కాకే మరుగుతుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. ఒత్తిడి తగ్గితే దీనికి తలకిందులు, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. అంగారకుడి మీద గ్లాసులో నీళ్ళు పోస్తే సున్నా డిగ్రీలకు కాస్త పైనే మరిగిపోతాయి, లేదంటే గడ్డకడతాయి. తాగేంత సేపు ఉండవు.

5. "ఆక్సిజన్ ఉంటేనే జీవం" నిజమేనా?

జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది. మనుషులకు, జంతువులకు ఇది నిజం. అన్ని జీవులకూ కాదు.

భూమి మీద జీవం పుట్టినప్పుడు గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. కనీసం 350 కోట్ల ఏళ్ళ కిందటే సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటిలో సైనోబాక్టీరియా అనే రకం సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్‌ను వదిలింది. ఎన్నో కోట్ల ఏళ్ళు అలా సాగాక, సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట ఆక్సిజన్ గాలిలో చేరడం మొదలైంది. అంటే ఆక్సిజన్ జీవానికి ముందే సిద్ధంగా ఉన్న సరుకు కాదు. జీవమే దాన్ని తయారుచేసింది. మనం ఇప్పుడు పీలుస్తున్నది ఆ పాత సూక్ష్మజీవుల, తర్వాత వచ్చిన మొక్కల కష్టమే.

ఎండ కూడా అన్ని జీవులకూ తప్పనిసరి కాదు. 1977లో గలపగోస్ దీవుల దగ్గర సముద్రం అడుగున, వెలుతురు అసలు చేరని లోతులో, వేడినీటి బుగ్గలు దొరికాయి. వాటి చుట్టూ పెద్ద పెద్ద గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు గుంపులుగా ఉన్నాయి. అక్కడి సూక్ష్మజీవులు బుగ్గల నుంచి వచ్చే రసాయనాలతోనే శక్తి తయారుచేసుకుంటాయి, మిగతా జీవులు వాటి మీద ఆధారపడతాయి.

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు నివాసయోగ్య మండలం బయట కూడా వెతుకుతున్నారు. గురుడి ఉపగ్రహం యూరోపా మంచు పొర కింద సముద్రం ఉందనడానికి బలమైన ఆధారాలున్నాయి. దాన్ని పరిశీలించడానికి 2024 అక్టోబర్ 14న యూరోపా క్లిప్పర్ బయలుదేరింది, 2030లో చేరుతుంది. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ నుంచి నీటి ఆవిరి ఫౌంటెన్‌లా ఎగజిమ్మడాన్ని 2005లో కాసిని నౌక చూసింది.

కాబట్టి అసలైన జాబితా ఇలా రాసుకోవచ్చు: ద్రవ నీరు; కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫాస్ఫరస్, సల్ఫర్ వంటి మూలకాలు; ఎండ గానీ రసాయనాలు గానీ ఏదో ఒక శక్తి; ఇవన్నీ చాలా కాలం చెదరకుండా ఉండటం. దూరం, బరువు, వాతావరణం, అయస్కాంత క్షేత్రం ఈ నాలుగింటినీ కాపాడే ఏర్పాట్లు.

6. వేరే నక్షత్రాల దగ్గర లేవా?

గ్రహాలు చాలా ఉన్నాయి. 1995లో మిషెల్ మేయర్, డిడియె క్వెలోజ్ సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనుగొన్నారు. దానికి 2019లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నారు. ఇప్పటికి అలాంటి గ్రహాలు 5,000కు పైగా ఖాయమయ్యాయి. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ దాదాపు భూమి పరిమాణంలోని ఏడు గ్రహాలున్నాయి. వాటిలో కొన్ని నివాసయోగ్య మండలంలోనే ఉన్నాయి. అయితే చంద్రుడి పాఠం గుర్తుందిగా! దూరం కుదిరితే సరిపోదు, గాలి ఉందో లేదో చూడాలి. ఏడింటిలో లోపలున్న రెండింటిని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరిశీలిస్తే మందమైన వాతావరణం కనిపించలేదు. మిగతావాటి మీద పని సాగుతోంది.

పెద్ద తరగతుల పిల్లలకు ఒక లెక్క: వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు వెళ్తుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. వాయేజర్ వేగంతో 40 కాంతి సంవత్సరాలు వెళ్ళడానికి ఎన్నేళ్ళు? చేయించి చూడండి. సుమారు 7 లక్షల ఏళ్ళు వస్తుంది.

7. "భూమి పాడైతే మార్స్‌కి వెళ్ళిపోవచ్చు కదా మేడమ్?"

ఈ ప్రశ్న ప్రతి సంవత్సరం ఏదో ఒక సెక్షన్‌లో వస్తుంది. సినిమాలు, వీడియోలు చూసి అడుగుతారు. దీనికి నవ్వేసి ఊరుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ ఆలోచన పిల్లల మనసులో అలాగే ఉండిపోతే, ఇక్కడ నీళ్ళు వృథా చేసినా, చెరువులు పూడ్చినా ఫరవాలేదనిపిస్తుంది. ఇంకో గ్రహం స్పేర్ టైర్‌లా ఉందనిపిస్తుంది.

జవాబు వాళ్ళు నేర్చుకున్న పాఠంలోనే ఉంది. అంటార్కిటికా ఎంత చలిగా ఉన్నా అక్కడ పీల్చే గాలి ఉంది, కరిగించుకుంటే నీళ్ళున్నాయి, సూర్యుడి కణాల నుంచి అయస్కాంత క్షేత్రం రక్షణ ఉంది. అయినా అక్కడ పరిశోధకులు తప్ప ఎవరూ ఊళ్ళు కట్టుకోలేదు. అంగారకుడి మీద ఈ మూడింటిలో గాలీ లేదు, ఆ రక్షణా లేదు. భూమి మీద ఉన్న అతి కష్టమైన చోటు కూడా అంగారకుడి కంటే సుఖమే.

ఇక్కడి దుప్పటి సంగతి కూడా చెప్పాలి. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల అణువులకు సుమారు 280 కార్బన్ డయాక్సైడ్ అణువులుండేవి. ఇప్పుడు 420 దాటాయి. భూమి శుక్రుడిలా మారిపోతుందని పిల్లల్ని భయపెట్టనక్కర్లేదు, అది నిజం కాదు. కానీ దుప్పటి కొంచెం మందమైనా మన ఎండాకాలాలు, వానలు, పంటలు మారతాయి. అది నిజం.

అలాగని వాళ్ళ కలను తుంచేయకండి. అంగారకుడికి మనుషులు వెళ్ళవచ్చు, అందులో మన స్కూల్ పిల్లలూ ఉండవచ్చు. వెళ్ళేది తెలుసుకోవడానికి. భూమిని వదిలేసి పారిపోవడానికి కాదు.

ఇంట్లో చేసి చూడండి

మెడికల్ షాపులో సూది లేని సిరంజి ఒకటి తీసుకోండి. చెయ్యి పట్టగలిగేంత వేడి నీళ్ళు అందులో పావు వంతు లాగండి. మూతి పైకి పెట్టి లోపలి గాలిని బయటికి తోసేయండి. మూతిని వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ను వెనక్కి లాగండి. పొయ్యి లేకుండానే నీళ్ళలో బుడగలు లేచి మరగడం కనిపిస్తుంది. వదిలేస్తే ఆగిపోతుంది. "ఇప్పుడు లోపల ఏం తగ్గింది?" అని అడగండి. ఒత్తిడి అని వాళ్ళే చెప్పాలి. వేడి నీళ్ళు కాబట్టి పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

పరీక్షలో రాసేటప్పుడు

విడివిడి పాయింట్లు కాకుండా గొలుసులా రాయమని చెప్పండి. ఉదాహరణకు: "భూమి సూర్యుడికి తగిన దూరంలో ఉంది. తగినంత బరువుంది కాబట్టి వాతావరణాన్ని పట్టి ఉంచింది. వాతావరణం వల్ల తగిన ఉష్ణోగ్రత, ఒత్తిడి ఉన్నాయి. వాటి వల్ల నీరు ద్రవంగా ఉంది. అయస్కాంత క్షేత్రం సూర్యుడి కణాల నుంచి కాపాడుతోంది." ప్రతి వాక్యం ముందు వాక్యాన్ని పట్టుకుని నడిస్తే మర్చిపోయే ప్రమాదం తక్కువ.

భోజనాల దగ్గర అడగడానికి మూడు ప్రశ్నలు

భూమి చంద్రుడంత చిన్నదై ఉంటే ఏమయ్యేది? శుక్రుడిని అంగారకుడి చోట పెడితే ఏమవుతుంది? ఆక్సిజన్ లేని గ్రహం మీద జీవం ఉండవచ్చా?

రెండో ప్రశ్నకు ఒకే ఒక్క సరైన జవాబు లేదు, వాదించుకోనివ్వండి. పిల్లలు మిమ్మల్ని ఎదురు ప్రశ్న అడిగి, జవాబు మీకు తెలియకపోతే "అది సిలబస్‌లో లేదులే" అనకండి. ఆ ప్రశ్నను డైరీలో రాసి పంపండి. క్లాసులో అందరం కలిసి మాట్లాడుకుంటాం.